కట్టర్ నుంచి వెనక్కి లెక్క

ఇంట్లో సీఎన్‌సీ మిల్లింగ్ మెషీన్ కట్టుకోవాలని దిగినవాళ్లలో చాలామంది మోటార్లు ముందే కొనేస్తారు. నెమా 34 సైజుది చేతికి బరువుగా తగులుతుంది, లేబుల్ మీద న్యూటన్ మీటర్లు ఘనంగా ఉంటాయి, పెద్దది కొంటే పోయేదేముంది అనిపిస్తుంది. ఈ పనిలో చేయి తిరిగినవాళ్లు మాత్రం మోటారు సంగతి ఆఖర్న తేలుస్తారు. ఏ లోహం కొయ్యాలి, ఏ కట్టర్‌తో, ఎంత వేగంతో అని ముందు కాగితం మీద రాసుకుంటారు. అక్కణ్ణుంచి స్క్రూకి, స్క్రూ నుంచి మోటారుకి, మోటారు నుంచి డ్రైవ్‌కి, పవర్ సప్లైకి వెనక్కి వస్తారు. ఇంటి మెషీన్ల సంప్రదాయంలో అన్నిటికన్నా విలువైంది ఈ వెనక్కి నడిచే లెక్కే అని నా నమ్మకం.

1952లో అమెరికాలోని ఎమ్‌ఐటీ ఒక సిన్సినాటి మిల్లింగ్ మెషీన్‌ని అంకెలతో నడిపి చూపించింది. వాక్యూమ్ ట్యూబులతో చేసిన దాని కంట్రోలర్ ఆ మెషీన్ కన్నా పెద్దది. ఆ పని ఈరోజు చిన్న ఆర్డుయినో బోర్డు చేస్తోంది. నార్వేకి చెందిన సిమెన్ స్వాలె స్కోగ్స్‌రూడ్ 2009లో మొదలుపెట్టిన, ఆ బోర్డు మీద నడిచే గ్రబుల్ అనే ప్రోగ్రాం ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పుట్టిన కంట్రోలరే లైనక్స్‌సీఎన్‌సీగా పెరిగి అందరికీ అందింది. మెదడు ఇలా ఉచితంగా దొరుకుతోంది కనుక డబ్బంతా కండరాల మీదే పెట్టాలి. ఎంపికలో తప్పు జరిగేదీ అక్కడే.

అల్యూమినియం కోసే చిన్న మెషీన్ ఒకటి తీసుకుందాం. కట్టర్ రెండు పళ్లున్న 6 మి.మీ. కార్బైడ్ ఎండ్‌మిల్. స్పిండిల్ నిమిషానికి 12,000 చుట్లు తిరుగుతూ, ఒక్కో పన్ను 0.05 మి.మీ. చొప్పున కోస్తే టేబుల్ నిమిషానికి 1,200 మి.మీ. జరగాలి. బజార్లో 1605 అని అమ్మే బాల్ స్క్రూ 16 మి.మీ. లావుంటుంది, ఒక చుట్టుకి 5 మి.మీ. జరుపుతుంది. అంటే కోసేటప్పుడు స్క్రూ నిమిషానికి 240 చుట్లు తిరగాలి. కోత లేనప్పుడు 3,000 మి.మీ. వేగంతో పరుగెత్తించాలంటే 600 చుట్లు. కొత్త కట్టర్‌కి ఈ వేగంలో పెద్ద తోపేమీ అక్కర్లేదు. కట్టర్ మొద్దుబారడం, పొట్టు ఇరుక్కోవడం, గైడ్ల రాపిడి అన్నీ కలుపుకొని 200 న్యూటన్లు, అంటే 20 కిలోల బరువు ఎత్తినంత బలం అనుకుందాం. దాన్ని 0.005 మీటరుతో గుణించి, 6.28తో భాగించి, స్క్రూ సామర్థ్యం 90 శాతం కింద సర్దితే 0.18 న్యూటన్ మీటర్లు వస్తుంది. ఇంతేనా అనిపిస్తుంది. నిజంగా ఇంతే.

ఇక వేగం అందుకోవడానికి కావలసిన బలం చూడాలి. టేబుల్, వైస్, పనిముక్క కలిపి 30 కిలోలు అనుకుంటే, 5 మి.మీ. స్క్రూ అవతలి నుంచి ఆ బరువు మోటారుకి దాదాపు 190 గ్రాము చదరపు సెంటీమీటర్ల జడత్వంగా కనిపిస్తుంది. రెండు న్యూటన్ మీటర్ల నెమా 23 మోటారు రోటర్‌కే అంతకు రెట్టింపు పైగా జడత్వం ఉంటుంది. మోటారు తన బలంలో ఎక్కువ భాగాన్ని తనను తాను తిప్పుకోవడానికే ఖర్చుపెడుతుందన్నమాట. నెమా 34కి వెళ్తే రోటర్ జడత్వం వెయ్యి దాటిపోతుంది. అందుకే ఇలాంటి చిన్న మెషీన్‌కి పెద్ద మోటారు బిగిస్తే తరచూ చురుకుదనం తగ్గుతుంది. మన లెక్కకి త్వరణం, కోత కలిపినా 0.3 దగ్గరే ఆగుతుంది. భద్రతకి రెట్టింపు చేసి 0.6 న్యూటన్ మీటర్లు పెట్టుకుందాం.

లేబుల్ మీద 2 అని రాసి ఉంటే 0.6కి ధారాళంగా సరిపోతుందనుకోకూడదు. ఆ 2 మోటారు నిలబడి ఉన్నప్పటి పట్టు. తిరగడం మొదలయ్యాక, అడుగడుగుగా తిరిగే ఇలాంటి స్టెప్పర్ మోటారు బలం తగ్గుతూ పోతుంది. ఎంత తగ్గుతుందన్నది మోటారు కన్నా ఎక్కువగా డ్రైవ్‌కిచ్చే వోల్టేజీ మీద ఆధారపడుతుంది. నిమిషానికి 600 చుట్లంటే, చుట్టుకి 200 స్టెప్పుల లెక్కన, సెకనుకి 2,000 స్టెప్పులు. ఒక్కో స్టెప్పుకి దొరికేది అర మిల్లీసెకను. వైండింగ్ ఇండక్టెన్స్ 2.5 మిల్లీహెన్రీలు, కరెంటు 2.8 ఆంపియర్లు అయితే, 24 వోల్టులతో ఆ కరెంటు నిండడానికి 0.29 మిల్లీసెకను పడుతుంది. స్టెప్పులో సగానికి పైగా నిండడంలోనే పోయింది. 48 వోల్టులిస్తే 0.15 చాలు. మోటారు మీద 2.5 వోల్టులని రాసి ఉందని భయపడక్కర్లేదు. కరెంటు తన హద్దుకి చేరగానే డ్రైవ్ దాన్ని కోసేస్తూ ఉంటుంది.

మోటారు డ్రైవ్‌లు తయారుచేసే గెకోడ్రైవ్ కంపెనీ స్థాపకుడు మారిస్ ఫ్రైమానిస్ దీనికొక సులువైన సూత్రం ఇచ్చాడు. మిల్లీహెన్రీల వర్గమూలాన్ని 32తో గుణిస్తే మోటారుకి ఇవ్వదగ్గ గరిష్ఠ వోల్టేజీ వస్తుంది. మన మోటారుకి అది 50 దగ్గర తేలుతుంది. అది దాటితే మోటారు అనవసరంగా కాలుతుంది. అయితే 50 వోల్టులు గరిష్ఠంగా ఉన్న డ్రైవ్‌కి 48 వోల్టుల సప్లై తగిలించడం మంచిది కాదు. టేబుల్ ఒక్కసారిగా ఆగినప్పుడు మోటారు జనరేటరుగా మారి కరెంటును వెనక్కి నెడుతుంది, దాంతో డ్రైవ్ దగ్గర వోల్టేజీ పెరుగుతుంది. అలాంటి డ్రైవ్‌కి 36 నుంచి 42 లోపల ఉంచాలి, లేదా 80 వోల్టులు తట్టుకునే డ్రైవ్ కొనాలి. డ్రైవ్ ఆన్‌లో ఉండగా మోటారు వైరు పీకారంటే ఆ డ్రైవ్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఒక్కో స్టెప్పును చిన్న భాగాలుగా విడగొట్టే మైక్రోస్టెప్ విషయంలోనూ ఆశ ఎక్కువే. చుట్టుకి 2,000 పల్సులు పెడితే పల్సుకి 0.0025 మి.మీ. వస్తుంది. చలనం నునుపుగా ఉంటుంది కాబట్టి అది వాడదగ్గదే, కానీ అంత కచ్చితత్వం వచ్చినట్టు కాదు. పది భాగాల మైక్రోస్టెప్‌లో ఒక్క అడుగు వెనకుండే బలం మొత్తం పట్టులో ఆరో వంతు కూడా ఉండదు. రాపిడి దాన్ని మింగేస్తుంది. పైగా ఆర్డుయినో యూనో మీద గ్రబుల్ సెకనుకి 30,000 పల్సుల దగ్గర అలిసిపోతుంది. మన పరుగు వేగానికి 20,000 కావాలి, సరిపోతుంది. చుట్టుకి 6,400 పెడితే 64,000 కావాలి, అందదు.

స్టెప్పర్లకి బదులు వాడే సర్వో మోటార్లూ మంచివే. 400 వాట్ల సర్వో 1.27 న్యూటన్ మీటర్లని 3,000 చుట్ల వరకూ ఒకే తీరుగా ఇస్తుంది, ఎన్‌కోడర్ ఉంది కనుక దారి తప్పితే తెలుసుకుంటుంది. కానీ ఈ మెషీన్‌కి అంత వేగం పనికిరాదు, సన్నటి స్క్రూ పొడవుగా ఉంటే ఊగిపోతుంది. ఆ డబ్బు ఫ్రేము గట్టిదనం మీద పెట్టమంటాను.

స్పిండిల్ దగ్గర ఒక్క జాగ్రత్త. 24,000 చుట్ల స్పిండిల్ 400 హెర్ట్జ్ మీద తిరిగేది. స్పిండిల్ వేగాన్ని మార్చే వీఎఫ్‌డీలో బేస్ ఫ్రీక్వెన్సీ 50గా ఉండిపోతే తక్కువ వేగంలోనే పూర్తి వోల్టేజీ వెళ్లి వైండింగ్ కాలిపోతుంది. మొదటిసారి స్విచ్ వేసేముందే అది మార్చాలి, ఎర్త్ వైరు తప్పనిసరిగా బిగించాలి. నిలువు ఇరుసుకి, అంటే జెడ్‌కి, బ్రేకున్న మోటారు కావాలి. బాల్ స్క్రూ నున్నగా ఉంటుంది, కరెంటు పోగానే స్పిండిల్ బరువుకి తనంతట తానే తిరిగి కట్టర్‌ని పనిముక్కలోకి దింపుతుంది.

అన్నీ బిగించాక టేబుల్ అంచున డయల్ గేజ్ పెట్టి సున్నా చేసి, నిర్ణయించుకున్న వేగం మీద కొంచెం పెంచి, ముందుకీ వెనక్కీ చాలాసార్లు పరుగెత్తించి, మళ్లీ అదే వైపు నుంచి సున్నాకి రప్పించాలి. స్టెప్పర్ జారితే నాలుగు పూర్తి స్టెప్పుల గుణకాల్లోనే జారుతుంది. ఈ స్క్రూ మీద అది 0.1 మి.మీ. ముల్లు 0.1, 0.2, 0.3 లాంటి తేడా చూపిస్తే వేగమో త్వరణమో తగ్గించాలి, లేదా వోల్టేజీ పెంచాలి. ముల్లు 0.03 దగ్గర ఆగితే మోటారు తప్పు లేదు. కప్లింగ్ స్క్రూలు వదులయ్యాయేమో ముందు చూడాలి. పరుగు పరుగుకీ తేడా కొంచెం కొంచెంగా పెరుగుతుంటే స్పిండిల్ వైరు పక్కనే పల్సుల వైరు వెళ్తోందేమో చూసి, రెండిటినీ దూరంగా లాగాలి.