ట్రెజరర్ పేరు మీద చెక్కు

‘ఆల్ ద క్వీన్స్ హార్సెస్’ అనే 71 నిమిషాల డాక్యుమెంటరీ 2017లో వచ్చింది. తీసినావిడ కెల్లీ రిచ్‌మండ్ పోప్, షికాగోలోని డిపాల్ యూనివర్సిటీలో అకౌంటింగ్ ప్రొఫెసరు. ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. ఈ సినిమాలో గట్టిగా నిలబడేవన్నీ అకౌంటింగ్ టీచరుకి మాత్రమే తట్టే ప్రశ్నలు. తేలిపోయేవన్నీ, సినిమా అన్నాక ఇది కూడా ఉండాలి కదా అని పెట్టినట్టున్న గుర్రాలు.

కథ ఇలినాయ్ రాష్ట్రంలోని డిక్సన్ అనే ఊరిది. జనాభా 16 వేలకి అటూ ఇటూ. రొనాల్డ్ రేగన్ చిన్నతనం గడిచిన ఊరుగా తప్ప బయటివాళ్ళకి పెద్దగా తెలీదు. ఆ ఊరి మునిసిపాలిటీలో రీటా క్రండ్‌వెల్ 1983 నుంచి కంట్రోలరు, ట్రెజరరు కూడా ఆవిడే. 1990 డిసెంబరు నుంచి 2012 ఏప్రిల్‌లో అరెస్టయ్యేదాకా ఊరి డబ్బు 5 కోట్ల 37 లక్షల డాలర్లు సొంతానికి వాడుకుంది. జీతం చూస్తే ఏడాదికి 80 వేల డాలర్లు. ఇంటి దగ్గర మాత్రం 400 దాకా మేలుజాతి గుర్రాలు. ఊరి బడ్జెట్ మొత్తం ఏడాదికి 80, 90 లక్షల డాలర్లయితే, ఒక్క 2008లోనే ఆవిడ తీసుకున్నది 58 లక్షలు.

ఇంత డబ్బు ఎలా పోయిందని చూస్తే, అందులో తెలివితేటలు పెద్దగా కనిపించవు. ఊరి పేరుతోపాటు ఆర్.ఎస్.సి.డి.ఎ. అనే పొడి అక్షరాలతో బ్యాంకులో ఒక ఖాతా తెరిచింది. ఆ పేరు చూస్తే ఎవరికైనా ఏదో స్కీము ఖాతా అనిపిస్తుంది. ఊరి అసలు ఖాతాల్లోంచి డబ్బు అభివృద్ధి నిధికి మార్చి, అక్కణ్ణుంచి ‘ట్రెజరర్’ అని మాత్రమే పేరు రాసి ఒక చెక్కు, ఆ చెక్కు ఈ రహస్య ఖాతాలో జమ. ఆడిటర్లు అడిగితే చూపించడానికి రాష్ట్ర ప్రభుత్వం పంపినట్టుగా దొంగ బిల్లులు. అలాంటివి మొత్తం 179. అంతే.

నన్ను పట్టుకున్నది ఆ ‘ట్రెజరర్’ అన్న ఒక్క మాట. చెక్కు మీద మనిషి పేరు లేదు, పదవి పేరుంది. డిక్సన్‌లో ఆ పదవికీ ఆ మనిషికీ మధ్య గీత ఎప్పుడో చెరిగిపోయింది. బిల్లు తయారుచేసేదీ, చెక్కు రాసేదీ, జమ చేసేదీ, బ్యాంకు నుంచి వచ్చే స్టేట్‌మెంటు కవరు విప్పేదీ ఒక్కరే. మేయరూ, నలుగురు కమిషనర్లూ వేరే బతుకుతెరువులున్న మనుషులు, పార్ట్ టైము పాలకులు. ఖర్చుల సంగతి వస్తే “రీటాని అడుగుదాం” అనుకోవడమే అక్కడ పద్ధతి అయిపోయింది.

ఆ 20 ఏళ్ళ కౌన్సిల్ సమావేశాల మీద సినిమా కాస్త ఎక్కువసేపు నిలబడి ఉంటే బాగుండేది. ఏటేటా లోటు. కారణమడిగితే, రాష్ట్రం నుంచి రావలసిన పన్నుల వాటా ఆలస్యమైందని జవాబు. ఇలినాయ్ నిజంగానే డబ్బులు ఆలస్యంగా ఇచ్చే రాష్ట్రం కనక అది అబద్ధంలా వినపడదు. వెంటనే కోతలు మొదలు: రోడ్లు తర్వాత వేద్దాం, పోలీసుల సామాను వచ్చే ఏడు చూద్దాం, సిబ్బంది జీతాలు పెంచలేం. కౌన్సిల్ చర్చించింది, ఓటు వేసింది, తీర్మానించింది. ప్రజాస్వామ్యం యథావిధిగా నడిచింది. లోటు అన్నమాట నిజమేనా అని మాత్రం ఎవరూ అడగలేదు. దొంగతనం ఖాతాలో జరిగితే, దాని నష్టాన్ని జనానికి పంచిపెట్టింది కౌన్సిల్. తెలియకుండానే, సదుద్దేశంతోనే.

ఈ సంగతి పోప్‌కి బాగా తెలుసు. కానీ సినిమా మళ్ళీ మళ్ళీ గుర్రాల దగ్గరికి పోతుంది: బహుమతులు, 20 లక్షల డాలర్లు దాటిన మోటారు బండి, నగలు. ఆ పేరు కూడా హంప్టీ డంప్టీ పాటలోని రాజుగారి గుర్రాల మీద చమత్కారం. చూడ్డానికి బాగానే ఉంటుంది, కాకపోతే కథని ఒక మాయలాడి ఆడదాని కథ చేసేస్తుంది. అలా చేస్తే మిగతావాళ్ళందరికీ హాయి, మోసపోయినవాళ్ళని తప్ప ఎవరూ ఏమీ అనరు.

సినిమాకి ప్రాణం సిటీ క్లర్కు క్యాథీ స్వాన్సన్. 2011లో రీటా సెలవు మీద వెళితే, ఆవిడ పని చూస్తూ బ్యాంకుని అన్ని ఖాతాల స్టేట్‌మెంట్లూ పంపమంది. తనకి తెలియని ఖాతా ఒకటి వచ్చింది. కాగితాలు మేయర్ జేమ్స్ బర్క్‌కి చూపించింది, ఆయన ఎఫ్.బి.ఐ.కి చెప్పాడు. ఆ తర్వాత నెలల తరబడి ఇద్దరూ ఏమీ ఎరగనట్టు రీటాతో కలిసి పనిచేశారు. ఒక గుమాస్తా మామూలుగా అడగవలసింది అడగడంతో 20 ఏళ్ళ మోసం బయటపడింది. అంటే ముందు కూడా ఎవరు అడిగినా బయటపడేదే. సినిమా మొత్తంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే.

మరి ఆడిటర్లు? ఏటా లెక్కలు చూసిన సంస్థా, ఆ ఖాతా నడిపిన బ్యాంకూ, ఇంకో అకౌంటెంటూ కలిసి 2013లో ఊరితో రాజీపడి 4 కోట్ల డాలర్ల దాకా కట్టారు. జైలుకెళ్ళింది ఒక్కరే, డబ్బు కట్టినవాళ్ళు ఇంతమంది. ఈ లెక్క వేసి చూపించిన చోట పోప్ నిజంగా మంచి టీచరు.

తెలుగు పట్టణాల సంగతి తెలిసినవాళ్ళకి ఈ సినిమా ఇంకోలా అందుతుంది. మనకి ఆడిట్ చేసేది ప్రభుత్వ శాఖే, ఊరు కుదుర్చుకున్న కంపెనీ కాదు. మన రోగాలు వేరు: టెండరు పిలవకుండా ఉండటానికి పనిని ముక్కలు చేయడం, అయిపోయిన ఖర్చుకి తర్వాత ఆమోదం తీసుకోవడం. అయినా భాష ఒకటే. మన కౌన్సిల్ అజెండా చదవండి: పని చేయించడమైనది, బిల్లు చెల్లించడమైనది, ఆమోదించడమైనది. కర్త ఉండడు. డిక్సన్ చెక్కు మీద పేరు లేనట్టే ఇక్కడా ఎవరూ ఉండరు. ఎవరూ లేని వాక్యాన్ని ఎవరు ప్రశ్నిస్తారు?

రీటాకి 2013లో 19 ఏళ్ళ 7 నెలల శిక్ష పడింది. 2021లో జైలు నుంచి బయటి నిర్బంధానికి మార్చారు, 2024 డిసెంబరులో అధ్యక్షుడు బైడెన్ మిగతా శిక్ష తగ్గించేశాడు. కోపం రావడం సహజమే. సినిమా మాత్రం ఆ కోపాన్ని ఇంకో వైపు తిప్పాలని చూస్తుంది, సగమే తిప్పగలుగుతుంది. డిక్సన్ ఆ తర్వాత పాలన పద్ధతి మార్చుకుని పూర్తికాలపు మేనేజర్ని పెట్టుకుంది. అది మంచిదే. కానీ బ్యాంకు నుంచి వచ్చిన కవరుని డబ్బు ఖర్చుపెట్టే మనిషి కాకుండా ఇంకొకరు విప్పాలన్న చిన్న నియమం 1983లోనే ఉండి ఉంటే, పోప్‌కి తీయడానికి సినిమా ఉండేది కాదు.