మందు ఇచ్చువారే మందు వ్రాయవచ్చునా?

అత్తిలి వంటి డెల్టా ఊళ్ళలో జ్వరము వచ్చిన కూలీ మొదట పోవునది మందుల షాపునకే. ఆసుపత్రికి పోయిన ఒక పూట కూలి పోవును. షాపులో ఐదు నిమిషములలో పని తీరును. చీటీ లేకుండగనే నాలుగు మాత్రలు చేతికి వచ్చుట మన పల్లెలలో తరచు జరుగునదే. షెడ్యూలు హెచ్ మందుల నట్లు అమ్ముట చట్టవిరుద్ధము. ఎట్లును జరుగుచున్న ఈ పనిని శిక్షణతో, బాధ్యతతో జరుగునట్లు చేసి, ఫార్మసిస్టులకే మందులు వ్రాయు అధికారము నీయరాదా అని కొందరి వాదము. ఇందు బలమెంత, లోపమెంత అన్నది పరిశీలింపదగియున్నది.

బలము లేకపోలేదు. 1948 నాటి ఫార్మసీ చట్టము ఫార్మసిస్టును రిజిస్టరైన వృత్తినిపుణునిగా గుర్తించినది. 2008లో మన దేశమున ప్రారంభమైన ఫార్మ్.డి. ఆరేండ్ల చదువు, చివరి యేడు ఆసుపత్రిలో శిక్షణ. మందు శరీరములో ఎట్లు పనిచేయును, దేనితో ఏది పడదు అను విషయములు వీరికి క్షుణ్ణముగా తెలియును. బ్రిటనులో 2003లో వైద్యునితో కలసి, 2006 నుండి స్వతంత్రముగా, మందులు వ్రాయు అధికారము తగిన శిక్షణ పొందిన ఫార్మసిస్టులకు లభించినది. 2024 జనవరిలో ఇంగ్లండులో గొంతునొప్పి, చెవిపోటు మొదలైన ఏడు జబ్బులకు నిర్ణీత పద్ధతిలో ఫార్మసిస్టులే చికిత్స చేయు ఏర్పాటు మొదలైనది.

అయితే ఆ ఏడింటిలో కారణము తెలియని జ్వరము లేదని గమనింపవలెను. డెల్టాలో షాపునకు వచ్చునది ముఖ్యముగా అదియే. మలేరియా, డెంగ్యూ, టైఫాయిడ్, నీటి మడులలో దిగువారికి సోకు లెప్టోస్పైరోసిస్ మొదటి రెండు మూడు రోజులు దాదాపు ఒకే తీరుగా కనిపించును. వీని చికిత్సలు వేరు. డెంగ్యూ రోగికి నొప్పులకని డైక్లోఫెనాక్ ఇచ్చిన రక్తస్రావపు ప్రమాదము పెరుగును. స్టెరాయిడు ఇచ్చిన జ్వరము దిగినట్లే యుండి, రోగము లోలోపల ముదురవచ్చును. మందును గూర్చిన జ్ఞానము వేరు, రోగనిర్ణయ జ్ఞానము వేరు.

రెండవ ఆక్షేపణ మరింత లోతైనది. అత్తిలికి దాపుననున్న భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో జరిపిన కృషి ఫలితములలో మెథోట్రెక్సేట్ ఒకటి. నేడు దానిని కీళ్ళవాతమునకు వారమునకు ఒక్కమారు మాత్రమే ఇచ్చెదరు. పొరబాటున దినమూ మింగినచో ఎముకలలోని మూలుగ దెబ్బతిని ప్రాణాపాయము కలుగును. వైద్యుని కలము జారి చీటీలో ‘రోజుకొకటి’ అని పడినచో దానిని పట్టుకొని ఆపగలవాడు ఫార్మసిస్టు. వ్రాయువాడు, ఇచ్చువాడు ఒక్కడే యైనచో ఆ రెండవ కన్ను మూతపడును.

లాభము సంగతియు కలదు. 13వ శతాబ్దములోనే సిసిలీ రాజు రెండవ ఫ్రెడరిక్, వైద్యులు మందుల వర్తకులతో భాగస్వాములు కారాదని శాసించెను. వ్రాసిన ప్రతి మాత్రకు లాభము వచ్చుచోట, పారాసిటమాల్ చాలిన రోగికి యాంటీబయోటిక్ అంటగట్టు ఆశ పుట్టును; ఇందువలన మందులకు లొంగని క్రిములు పెరుగును. ఈ ఆక్షేపణ ఫార్మసిస్టులకే పరిమితము కాదు; స్వంత షాపు నడుపు వైద్యునికిని వర్తించును.

అన్నిటికంటె మొదటి చిక్కు మరొకటి. అనేక షాపులలో గోడమీది సర్టిఫికేటు ఒకరిది, బల్లవెనుక చేయి మరొకరిది. ఈ స్థితిలో అధికారమిచ్చినచో అది చదువుకొన్న ఫార్మసిస్టునకు గాక, పనికుర్రవానికి చేరును.

కావున వాదమును పూర్తిగా త్రోసివేయ నక్కరలేదు, ఉన్నదున్నట్లు అంగీకరింపనూ రాదు. 2019 నాటి జాతీయ వైద్య కమిషను చట్టము పరిమిత లైసెన్సుతో ప్రాథమిక చికిత్స చేయు ఆరోగ్య సేవకులకు ఇదివరకే తావిచ్చినది. రక్తపోటు, మధుమేహము వంటి జబ్బులలో రోగనిర్ణయము ముందే జరిగియుండును. అట్టిచోట పాత చీటీని పొడిగించుట, మోతాదును సరిచూచుట తగిన చదువుగల ఫార్మసిస్టునకు అప్పగింపవచ్చును. వారి ప్రతిఫలము అమ్మకముపై ఆధారపడరాదు. జ్వరము మాత్రము రక్తపరీక్షకు, వైద్యునికి వదలవలెను. వీటన్నిటికి ముందు, సర్టిఫికేటుగల మనిషి షాపులో కూర్చుండవలెను.