గొర్రె మౌనం, రక్తసాక్ష్యం: ఒక తెలుగు సామెత బింబంపై పునఃపరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు లోకోక్తుల్లో గొర్రె అమాయకత్వానికీ, గుడ్డి అనుసరణకూ గుర్తుగా స్థిరపడింది. కసాయివాణ్ణి నమ్మే జంతువుగా, ముందున్నదాని వెంట దూకే మందగా సామెత దాన్ని చూపింది. ఈ చిత్రణకు ప్రధానమైన ఆధారం గొర్రె మౌనం. భయపడిన గొర్రె రక్తంలో హార్మోన్లు చక్కెర స్థాయినీ, తెల్లరక్తకణాల నిష్పత్తినీ మార్చే తీరును శరీరధర్మశాస్త్రం వివరించింది. ఆ వివరణ వెలుగులో ఈ బింబాన్ని తిరిగి చదివి, మౌనాన్ని నమ్మకంగా అన్వయించడంలోని పొరపాటును చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: గొర్రె, సామెత, మౌనం, కార్టిసాల్, రక్తంలో గ్లూకోజు, తెల్లరక్తకణాలు, అచ్యుతాపురం.

1. ఉపోద్ఘాతం:

సామెతను అనుభవసారంగా చెప్పడం పరిపాటి. ఆ అనుభవం ఎవరిదన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. ‘గొర్రె కసాయివాడినే నమ్ముతుంది’ అన్న సామెతలో నమ్మినట్టు చెప్పబడుతున్నది గొర్రె. అలా చెబుతున్నవాడు మనిషి. గొర్రె లోపల ఏం జరిగిందో తెలుసుకునే సాధనం ఆనాడు ఆ మనిషికి లేదు. అతడు చూసినది అరవకుండా, పెనుగులాడకుండా వెంట నడిచిన జంతువును. ఆ నడకకు అతడు ‘నమ్మకం’ అని పేరు పెట్టాడు.

1868లో కెప్టెన్ ఎం. డబ్ల్యు. కార్ మద్రాసులో తెలుగు సామెతల సంపుటాన్ని వెలువరించిన నాటి నుంచి సామెతల సేకరణ, వర్గీకరణ విస్తృతంగా జరిగాయి. జంతువుల పేర్లతో ఉన్న సామెతలను విడిగా చూపడమూ ఆ వర్గీకరణలో భాగమే. అయితే సామెత ఒక జంతువు గురించి చెప్పిన మాట ఆ జంతువు విషయంలో ఎంతవరకు నిజమన్న పరిశీలనకు తక్కువ చోటు దక్కింది.

ఈ పరిశీలనకు అచ్యుతాపురం తగిన నేపథ్యం. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడేవరకు ఈ మండలం విశాఖపట్నం జిల్లాలో భాగం. ఒకపక్క పూడిమడక తీరం, మరోపక్క ప్రత్యేక ఆర్థిక మండలి. పశుపోషణకు చెందిన పలుకుబడి, పరిశ్రమకు చెందిన పలుకుబడి ఇక్కడ ఒకే కూడలిలో వినిపిస్తాయి. వాడుకభాషకు సాహిత్యగౌరవం తెచ్చిన గురజాడ అప్పారావు పుట్టిన ఎస్. రాయవరం ఇక్కడికి దూరం కాదు. జనం మాటను గౌరవించడమంటే దానిని పరీక్షకు నిలపడం కూడా.

2. సామెతల్లో గొర్రె:

గొర్రె గురించిన తెలుగు పలుకుబడిలో మూడు ధోరణులు కనిపిస్తాయి. ‘కసాయివాడినే నమ్ముతుంది’ అన్నది దాని వివేకాన్ని శంకిస్తుంది. ‘గొర్రెదాటు’ దాని స్వతంత్రతను నిరాకరిస్తుంది. సంస్కృతంలోని గడ్డరికాప్రవాహన్యాయం దీనికి శాస్త్రరూపం. ‘ఎన్నాళ్లు పెరిగినా గొర్రెతోక బెత్తెడే’ అన్నది దాని ఎదుగుదలనే కాదంటుంది. నేడు సామాజిక మాధ్యమాల్లో ఎదుటి పక్షంవారిని ‘గొర్రెలు’ అని తిట్టేవారు ఈ మూడింటినీ ఒక్క మాటలో ఇమిడ్చి వాడుతున్నారు.

మూడింటిలోనూ గొర్రె చూపునకు లోనయ్యే వస్తువే. చూసేవాడు కొనుగోలుదారో, బాటసారో, రైతో కావచ్చు. కాపరి మాత్రం కాడు. రోజంతా మందతో తిరిగే కాపరి గొర్రెను వేరుగా చదువుతాడు. నెమరు ఆపినది, మందలో వెనకబడినది, చెవులు వాల్చినది అతనికి వెంటనే తెలుస్తుంది. గొల్లల వీరగాథయైన కాటమరాజు కథలో మంద మేతకోసం, పుల్లరి తగవుకోసం యుద్ధమే జరుగుతుంది. అక్కడ మంద పరిహాసపాత్రం కాదు. ప్రాణం పెట్టి కాపాడుకోవలసిన సంపద. కనుక సామెతలోని గొర్రె తెలుగు సమాజం మొత్తం చూసిన గొర్రె అనడానికి వీల్లేదు.

3. విశాఖ మీదుగా వచ్చిన మరో గొర్రె:

మౌనంగా ఉండే గొర్రెకు మరో అర్థం కూడా తెలుగులో ఉంది. అది అచ్చులోకి రావడానికి విశాఖపట్నంతో సంబంధం ఉంది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరి, ఆనందరాయరు సహాయంతో సువార్తల తెలుగు అనువాదాన్ని చేపట్టారు. 1812లో ఆ అనువాదం శ్రీరాంపూరులో అచ్చయింది. ఎడ్వర్డ్ ప్రిచెట్ చేసిన కొత్త నిబంధన అనువాదం 1818లో వెలువడింది.

ఆ నిబంధనలోని అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయం, యెషయా గ్రంథంలోని ఒక బింబాన్ని మళ్లీ తలచుకుంటుంది. వధకు నడిపించబడుతూ, బొచ్చు కత్తిరించేవాని ఎదుట నోరు తెరవని గొర్రె అది. ఇక్కడ మౌనానికి కారణం తెలివిలేమి కాదు, నమ్మకమూ కాదు. అన్యాయాన్ని భరిస్తున్న ప్రాణి మౌనం అది. చూసేవానికి ఆ మౌనం నవ్వు తెప్పించదు. తప్పు చేస్తున్నామన్న ఎరుక కలిగిస్తుంది.

ఒకే జంతువు, ఒకే మౌనం. రెండు భిన్నమైన పఠనాలు. వీటిలో ఏది గొర్రెకు దగ్గరగా ఉందన్న ప్రశ్నకు సాహిత్యం ఒక్కటే జవాబు చెప్పలేదు. అందుకు రక్తాన్ని అడగవలసి ఉంటుంది.

4. రక్తంలో చక్కెర చెప్పే సంగతి:

‘హార్మోను’ అన్న పేరును 1905లో ఇంగ్లండు శరీరధర్మశాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ స్టార్లింగ్ వాడుకలోకి తెచ్చాడు. దాని గ్రీకు మూలానికి ‘ప్రేరేపించు’ అని అర్థం. నాళం లేకుండా నేరుగా రక్తంలోకి స్రవించే గ్రంథులను తెలుగు పాఠ్యపుస్తకాలు వినాళగ్రంథులన్నాయి. గొర్రె భయాన్ని మోసుకుపోయే వార్తాహరులు ఈ గ్రంథుల నుంచే బయలుదేరుతాయి.

గొర్రె నెమరువేసే జంతువు. అది తిన్న గడ్డిలోని పిండిపదార్థాలు మొదటి పొట్టలోని సూక్ష్మజీవుల వల్ల పులిసి కొవ్వు ఆమ్లాలుగా మారతాయి. పేగుల నుంచి రక్తంలోకి నేరుగా చేరే గ్లూకోజు చాలా తక్కువ. ఆ ఆమ్లాల్లో ఒకటైన ప్రోపియోనిక్ ఆమ్లం నుంచి కాలేయం గ్లూకోజును తయారుచేస్తుంది. అందుచేత గొర్రె రక్తంలో గ్లూకోజు సాధారణంగా డెసిలీటరుకు సుమారు 50 నుంచి 80 మిల్లీగ్రాములే. పరగడుపున మనిషిలో ఇది 70 నుంచి 100 వరకు ఉంటుంది. ఇన్సులిన్ దీన్ని తగ్గించే దిశలోనూ, గ్లూకగాన్ పెంచే దిశలోనూ పనిచేస్తూ సమతూకం నిలుపుతాయి.

భయం ఈ సమతూకాన్ని కదిలిస్తుంది. కుక్క తరిమినా, మంద నుంచి వేరుచేసినా, లారీ ఎక్కించినా అధివృక్కగ్రంథి దవ్వ నుంచి కొన్ని సెకన్లలో అడ్రినలిన్ వెలువడుతుంది. కాలేయంలో దాచిన గ్లైకోజెన్ విడిపోయి గ్లూకోజుగా రక్తంలోకి వస్తుంది. దీని వెనుక నెమ్మదిగా మరో వరుస మొదలవుతుంది. మెదడులోని హైపోథాలమస్ పీయూషగ్రంథిని, పీయూషగ్రంథి ఏసీటీహెచ్ ద్వారా అధివృక్క వల్కలాన్ని ప్రేరేపించగా కార్టిసాల్ స్రవిస్తుంది. అది కండరాల మాంసకృత్తులను కరిగించి కాలేయానికి ముడిసరుకు అందిస్తుంది. ఇతర కణజాలాలు గ్లూకోజును వాడుకోవడాన్ని తగ్గిస్తుంది. ఫలితంగా రక్తంలో చక్కెర పెరుగుతుంది. పరుగెత్తడానికి శరీరం సిద్ధమైందన్నమాట. పరుగు తీయడానికి దారి లేనప్పుడు ఆ సన్నాహం రక్తంలోనే ఉండిపోతుంది. వెలుపల కనిపించేది నిశ్చలంగా నిలబడిన గొర్రె.

5. తెల్లకణాల సాక్ష్యం:

చక్కెర కొద్దిసేపటి సంగతి చెబుతుంది. తెల్లరక్తకణాలు గంటల తరబడి సాగిన సంగతి చెబుతాయి. ఆరోగ్యంగా, నిమ్మళంగా ఉన్న గొర్రె రక్తంలో లింఫోసైట్లది సాధారణంగా పైచేయి. న్యూట్రోఫిల్‌లు వాటికన్నా తక్కువ. కార్టిసాల్ పెరిగి నిలిచినప్పుడు ఈ వరుస తలకిందులవుతుంది. ఎముకమజ్జలోని న్యూట్రోఫిల్‌లు రక్తంలోకి విడుదలవుతాయి; రక్తనాళాల గోడలను అంటిపెట్టుకున్నవి ప్రవాహంలోకి వస్తాయి. లింఫోసైట్లు రక్తాన్ని విడిచి కణజాలాల్లోకి తరలిపోతాయి. ఇయోసినోఫిల్‌లు తగ్గుతాయి. న్యూట్రోఫిల్, లింఫోసైట్ల నిష్పత్తి పెరగడాన్ని పశువైద్యులు ఒత్తిడికి ఒక గుర్తుగా తీసుకుంటారు.

దీని పర్యవసానం ప్రయోగశాలకే పరిమితం కాదు. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు. వాటిని ఆంధ్రప్రదేశ్‌తో సహా పొరుగు రాష్ట్రాల నుంచి కొని తరలించారు. దూరప్రయాణంలో ఆకలి, దప్పిక, ఇరుకు, కొత్త మంద అన్నీ ఒకేసారి ఎదురవుతాయి. ఒత్తిడి దీర్ఘమైతే రోగనిరోధకశక్తి సన్నగిల్లి, ఊపిరితిత్తుల జబ్బులకు దారి తెరుచుకుంటుందని పశువైద్యం చెబుతుంది. లారీలో కిక్కురుమనకుండా వచ్చిన గొర్రె దిగిన కొద్దిరోజులకు జబ్బుపడితే, ఆ జబ్బుకు బీజం ప్రయాణంలోనే పడి ఉండవచ్చు. మౌనాన్ని క్షేమంగా చదివినవాడు నష్టపోతాడు.

6. గొర్రెదాటు – మరో పఠనం:

వేటకు గురయ్యే జంతువులు గాయాన్నీ నొప్పినీ దాచుకోవడం సహజం. కుంటుతున్నట్టు, మూలుగుతున్నట్టు కనిపించినదే ముందు వేటగాని కంట పడుతుంది. అదే గొర్రె మంద నుంచి విడిపోతే మాత్రం ఎలుగెత్తి అరుస్తుంది. నొప్పికి మౌనం, ఒంటరితనానికి అరుపు. దాని భాషలో ఈ తేడా ఉంది.

2001లో ఇంగ్లండులోని బాబ్రహాం సంస్థ పరిశోధకులు గొర్రెలు 50 ఇతర గొర్రెల ముఖాలను రెండేళ్లకు పైగా గుర్తుంచుకోగలవని చూపారు. 2004లో అక్కడే, ఒంటరిగా ఉంచిన గొర్రెకు తన జాతి గొర్రె ముఖచిత్రాన్ని చూపితే అరుపులు, గుండెవేగం, కార్టిసాల్, అడ్రినలిన్ తగ్గుతాయని తేలింది. తోటి ముఖం భయానికి మందుగా పనిచేసింది. ఈ వెలుగులో ‘గొర్రెదాటు’ బుద్ధిహీనత కాదు. తోటివారి వెంట ఉండడమే ఆ ప్రాణికి తెలిసిన రక్షణోపాయం.

కసాయివాని సామెతకూ ఇటువంటి సవరణ అవసరం. 2017లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, గొర్రెలు తమను సాకే మనిషి ముఖాన్ని ఛాయాచిత్రంలోనూ గుర్తుపట్టగలవని నిరూపించారు. గొర్రె మనిషిని నమ్ముతుందన్నంతవరకు సామెత పరిశీలన సరైనదే. నమ్మకం మేత పెట్టినవాని మీద. కసాయితనం ఆ నమ్మకాన్ని వాడుకోవడంలో ఉంది. సామెత నేరాన్ని నమ్మించినవాని నుంచి నమ్మినదాని మీదికి మళ్లించింది.

7. ఈ పఠనానికి హద్దులు:

రక్తసాక్ష్యాన్ని అతిగా చదవడమూ పొరపాటే. కార్టిసాల్ భయంతోనే కాక ఈనేటప్పుడూ, శ్రమపడినప్పుడూ పెరుగుతుంది. రక్తం తీయడానికి పట్టుకోవడమే గొర్రెకు ఒక ఒత్తిడి. న్యూట్రోఫిల్‌లు అంటువ్యాధిలోనూ పెరుగుతాయి. కనుక ఒక్క అంకె ఆధారంగా గొర్రె మనసును నిర్ణయించలేము. చక్కెర, కణాల నిష్పత్తి, ప్రవర్తన, సందర్భం కలిపి చూడాలి. ఒక్క పదాన్ని పట్టుకుని కావ్యహృదయాన్ని తేల్చకూడదన్న విమర్శసూత్రం ఇక్కడా వర్తిస్తుంది. సామెత చేసిన పొరపాటు కూడా ఇదే: మౌనమన్న ఒక్క గుర్తుతో అర్థం మొత్తాన్ని తేల్చేసింది.

8. ముగింపు:

ఎలుకలో ప్రధానమైన ఒత్తిడి హార్మోను కార్టికోస్టెరాన్. గొర్రెలోనూ మనిషిలోనూ అది కార్టిసాలే. అందువల్ల గొర్రె బింబాన్ని మనుషులకు అన్వయించేటప్పుడు ఈ శాస్త్రం కూడా వెంట వస్తుంది. మాట్లాడనివారిని ‘గొర్రెల మంద’ అనడం, ‘మౌనం అర్ధాంగీకారం’ అనడం ఒకే పఠనపు రెండు రూపాలు.

ఈ పఠనం ఎంత బరువైనదో అచ్యుతాపురం వంటి చోట తెలుస్తుంది. పొలాల నేల పరిశ్రమల నేలగా మారిన ప్రాంతమిది. గ్రామసభలో వెనకవరుసలో కూర్చుని ఏమీ అనని రైతు, షిఫ్టు మార్పును తలవంచుకుని విన్న కార్మికురాలు ఒప్పుకున్నట్టేనా అన్న ప్రశ్న ఇక్కడ అలంకారశాస్త్రానికి సంబంధించినది మాత్రమే కాదు. నోరు మెదపని శరీరంలో చక్కెర పెరిగి ఉండవచ్చు, తెల్లకణాల వరుస మారి ఉండవచ్చు. సంతకాల కాగితంలో అది కనిపించదు.

సామెతలను విడిచిపెట్టాలని ఈ పరిశీలన చెప్పదు. ‘గొర్రె కసాయివాడినే నమ్ముతుంది’ అన్న మాటను తరగతిగదిలో చెప్పేటప్పుడు, ఆ మాట ఎవరి నోటిదో, గొర్రె ఏం చెప్పలేకపోయిందో కూడా చెప్పాలి. మందను ఎరిగిన కాపరి మౌనాన్ని అంగీకారంగా తీసుకోడు. నెమరు ఆగిందేమోనని దగ్గరికి వెళ్లి చూస్తాడు. విమర్శకునికీ ఆ అలవాటు అవసరం.