మిలేతులో నిలిచిపోయిన త్రోఫిము

స్వస్థతను గూర్చిన ప్రసంగములలో మెలితే ద్వీపము తరచుగా వినబడును. అక్కడ పౌలు ప్రార్థించి చేతులుంచగా, జ్వరముతోను రక్తభేదితోను పడియున్న పొప్లి తండ్రి బాగుపడెను (అపొ. కార్య. 28:8). మంచిదే. అయితే ఆ పౌలే, జబ్బుపడిన త్రోఫిమును మిలేతులో ఉంచి రావలసివచ్చెనని (2 తిమోతి 4:20) చెప్పు బోధకులు అరుదు. ఇది మన బోధలోని లోపము.

ఈ లోపమువలన గాయపడువారు రోగులే. సీలేరు తీరమున డొంకరాయి ప్రాంతపు కొండ గ్రామములకు మలేరియా కొత్తది కాదు. ప్రార్థించినను జ్వరము తగ్గనప్పుడు “నీకు విశ్వాసము చాలదు” అనుట, జ్వరమునకు తోడు నిందను మోపుటయే. పౌలు త్రోఫిమును అట్లు నిందించినట్లు ఆ పత్రికలో లేదు. తన ముల్లు తొలగవలెనని ముమ్మారు వేడుకొనిన పౌలునకే దొరకినది స్వస్థత కాదు, కృప (2 కొరింథీ. 12:8, 9).

అద్భుతములు చేయు దేవుని నమ్ముదము. కాని అద్భుతము జరుగని దినమునను ఆయనను విడువకుండుటయే ఎదిగిన విశ్వాసము. కాబట్టి జ్వరపడినవాని కొరకు ప్రార్థించుడి. రక్తపరీక్ష చేయించి మందు ఇప్పించుడి. రాత్రి అతని ప్రక్కన కూర్చుండుడి. మెలితేను ప్రకటించు సంఘము మిలేతును దాచరాదు.