రోహిణి కార్తెలో చెమటలు

వైద్యం నడుస్తున్నన్నాళ్ళూ ఇంట్లో ఎవరి పని వాళ్ళకుంటుంది. ఒకరు ఫైళ్ళు మోస్తారు, ఒకరు ఇన్సూరెన్సు వాళ్ళతో పోట్లాడతారు, ఒకరు దానిమ్మ గింజలు ఒలుస్తూ కూర్చుంటారు. భయపడడానికి తీరిక దొరకదు. చివరి కీమో అయిపోయి, స్కాన్‌లో ఏమీ లేదని చెప్పి, మూడు నెలలాగి రమ్మని డాక్టరు పంపించేస్తారు చూడండి, అసలు కథ అప్పుడు మొదలవుతుంది. చుట్టాలు స్వీట్లు పట్టుకొస్తారు, గండం గడిచిందంటారు. ఆ రాత్రి నుంచే పిల్లాడికి నిద్ర పట్టదు.

పిల్లాడంటే మా అబ్బాయే, చిన్నవాడేం కాదు. పాతికేళ్ళు దాటి చాలా కాలమైంది. హైదరాబాదులో ఉద్యోగం, విడిగా కాపురం లాంటి బ్రహ్మచర్యం. వాడికొచ్చింది హాడ్జ్‌కిన్ లింఫోమా. 1832లో లండన్‌లో థామస్ హాడ్జ్‌కిన్ అనే వైద్యుడు వివరించడంతో ఆయన పేరే దానికి పడింది. కుర్రవాళ్ళలో తరచుగా కనిపించే క్యాన్సర్లలో అదొకటి, బాగా నయమయ్యేవాటిలోనూ ఒకటి. ఏబీవీడీ అనే నాలుగు మందుల కీమో ఇచ్చారు. మిలాన్‌లో బొనడొన్నా అనే డాక్టరు, ఆయన బృందం 1970ల్లో తయారుచేసిన కలయిక అది. సెలైన్ గొట్టంలో ఎర్రగా దిగే మందు అందులోదే. ఆ ఎరుపు చూసినప్పటి నుంచి మా ఇంట్లో రోజ్ మిల్క్ ఎవరూ తాగడం లేదు.

వైద్యం ముగిశాక వచ్చే ఈ భయం గురించి సూటిగా చెప్పినవాడు నాకు తెలిసి ఫిట్జ్‌హ్యూ ముల్లన్. అమెరికాలో పిల్లల డాక్టరు. 32వ ఏట ఆయన ఛాతీలోనే క్యాన్సర్ కణితి బయటపడింది. పదేళ్ళ తర్వాత, 1985లో, న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక వ్యాసం రాశాడు. బతికి బయటపడడాన్ని మూడు రుతువులుగా విడదీశాడు. మొదటిది వైద్యం. రెండోది వైద్యం ఆగాక మొదలయ్యే ఎదురుచూపు. ఆ కాలమంతా జబ్బు తిరగబెడుతుందేమోనన్న భయానిదే రాజ్యం అన్నాడు. మూడోది, ఇక నయమైనట్టే అని చెప్పుకోగలిగే దశ. మన ఆస్పత్రులన్నీ మొదటి రుతువు కోసం కట్టినవి. రెండోది ఇళ్ళలోనే గడవాలి.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మూడు గుర్తులు చెప్పారు. కారణం లేకుండా 100.4 దాటే జ్వరం, ఆరు నెలల్లో పదో వంతు బరువు తగ్గిపోవడం, రాత్రిళ్ళు పక్క తడిసిపోయేంత చెమట. మొదటి రెండూ సరే. మూడోది బెజవాడలో ఎలా తేల్చడం? మే నెలాఖరున, రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, కరెంటు పోయిన రాత్రి పక్క తడవని మనిషి ఈ ఊళ్ళో ఉంటాడా? చల్లటి దేశాల్లో కూర్చుని వైద్య గ్రంథాలు రాసినవాళ్ళకి ఈ బాధ తెలియదు.

కిందటి వేసవిలో సెలవు పెట్టుకుని ఇంటికొచ్చాడు. తెల్లవారుజామున హాల్లో లైటు వెలుగుతుంటే లేచి వెళ్ళాను. సోఫా అంచున కూర్చుని ఉన్నాడు, చేతిలో విప్పిన బనీను. దాన్ని నెమ్మదిగా మెలిపెట్టి పిండుతున్నాడు, చుక్క రాలుతుందేమోనని. నన్ను చూసి దాచలేదు. “ఇది ఎక్కువ తడేనా అమ్మా, మామూలేనా?” అని అడిగాడు.

“ఏం కాదులే నాన్నా, పడుకో” అనడం ఎంత తేలికో. అంటే ఆ రాత్రికి పడుకుంటాడు, మర్నాడు స్నానాల గదిలో గడియ పెట్టుకుని పిండుకుంటాడు. వెనక్కి తిరిగి నా జాకెట్టు వీపు చూపించాను. వాడు దాన్నీ బనీనునీ మార్చి మార్చి చూసి నవ్వాడు. నవ్వాపి, “అయినా రేపు ఏసీ గదిలో పడుకుని చూస్తా” అన్నాడు. చూశాడు. పొడిగా ఉంది. ఆ మర్నాడు కూడా చూశాడు. అక్కడితో ఆ గొడవ వాడే తేల్చుకున్నాడు. నా పనల్లా ఆ రెండు రోజులూ దాని గురించి నోరెత్తకపోవడం. ఎంత కష్టమైన పనో తల్లులకి చెప్పక్కర్లేదు.

ఒక్కోసారి ఏసీ గదిలోనూ చెమట పడుతుంది. భయానికి.

మెడ సంగతీ అంతే. గడ్డం గీసుకునేటప్పుడు చెయ్యి దవడ కింద ఆగిపోతుంది, బిళ్ళేమైనా తగులుతుందేమోనని అక్కడే తచ్చాడుతుంది. జలుబు చేసినా, పన్ను పుచ్చినా మెడలో బిళ్ళలు కడతాయి. పదే పదే నొక్కితే అవి నొప్పీ పెడతాయి, ఆ నొప్పి మళ్ళీ కొత్త అనుమానం. డాక్టరు ఒక లెక్క చెప్పారు: రెండు వారాలకీ తగ్గకపోయినా, పెరుగుతున్నా ఫోన్ చెయ్యి, ఈలోగా చెయ్యి పెట్టకు. ఇలాంటి లెక్క ఒకటి ముందుగానే డాక్టరు నోట చెప్పించుకోవడం మనం చెప్పే వంద ధైర్యాల పెట్టు. అనుమానానికి ఒక గడువు దొరుకుతుంది, గడువు దాకా ఆఫీసుకి వెళ్ళొచ్చు, సినిమా చూడొచ్చు.

మా వారికి లెక్కలు చాలవు, ఫొటో కావాలి. “ఒక్కసారి పెట్ స్కాన్ తీయించేస్తే పోలా” అంటారు ప్రతి చెకప్‌కి ముందూ. పోదు. లింఫోమా పూర్తిగా తగ్గి, ఏ బాధా లేనివాళ్ళకి ఊరికే స్కాన్లు తీయొద్దని 2014లో డాక్టర్ల కోసం వచ్చిన లుగానో సూచనలు చెప్పాయి. పెట్‌లో రేడియోధార్మికత కలిపిన చక్కెర ఎక్కిస్తారు. ఒంట్లో ఏ చోటు దాన్ని ఎక్కువ తింటే ఆ చోటు తెర మీద వెలుగుతుంది. క్యాన్సర్ తింటుంది. టీబీ బిళ్ళలూ తింటాయి, మన దేశంలో వాటికేం కొదవ లేదు. కీమో తర్వాత కుర్రవాళ్ళ ఛాతీలో థైమస్ గ్రంథి మళ్ళీ పెరుగుతుంది, అదీ తింటుంది. స్కాన్ గదిలో చలికి వణికితే మెడ దగ్గర ఉండే ఒక రకం కొవ్వు కూడా వెలుగుతుంది. ఏదో ఒకటి వెలిగిందా, ముక్క తీసి పరీక్షకి పంపాలి. ఆ కాగితం చేతికొచ్చేదాకా ఇల్లు ఇల్లు కాదు. చెకప్ అంటే అందుకే డాక్టరు చేతివేళ్ళు, నాలుగు ప్రశ్నలు, రక్త పరీక్ష. ఆ పరీక్షలో ఈఎస్సార్ రెండంకెలు పెరిగితే మా వారి ముఖం పాలిపోతుంది. అది చిగుళ్ళ వాపుకీ పెరుగుతుంది మహానుభావా అని ఎన్నిసార్లు చెప్పినా అంతే.

చెకప్‌కి నేనూ వెళ్తాను, గది బయట కూర్చుంటాను. మొదట్లోనే వాడు స్పష్టంగా చెప్పేశాడు: “లోపలికి రావద్దమ్మా. నీ ముఖంలో ఏముందో చూస్తుంటే డాక్టరు మాట వినబడదు.” పెద్దవాడైన కొడుకు జబ్బులో అమ్మానాన్నల స్థానం ఆ కుర్చీలోనే అని నా అభిప్రాయం. తలుపు ఇవతల, పిలిస్తే అందేంత దూరంలో. మన ఇళ్ళలో నలభై ఏళ్ళవాడి రిపోర్టు కూడా తండ్రి చేతికే ముందు వెళ్తుంది. డాక్టరుతో తండ్రే మాట్లాడతాడు, వాడు పక్కన బొమ్మలా కూర్చుంటాడు. అది ప్రేమే, కాదనను. కానీ భయం వాడిది, ఒళ్ళు వాడిది. మన భయం కూడా తెచ్చి వాడి ఒళ్ళో పెడితే, వాడు రెండూ మోయాలి.

చుట్టాల సంగతి క్లుప్తంగా చెప్తాను. ‘యమదొంగ’లో నటించి, ‘రాఖీ’లో పాట పాడిన మమతా మోహన్‌దాస్‌కి ఇదే జబ్బు వచ్చింది, 2013లో తిరగబెట్టింది. ఆవిడే ఆ సంగతి నలుగురికీ చెప్పుకున్నారు. ఈ కబురు మా ఇంటికి ఇద్దరు మోసుకొచ్చారు. మా మరిది, “చూశారా వదినా, ఆవిడకి మళ్ళీ వచ్చిందట” అన్నాడు. మా పిన్ని, “చూశావుటే, మళ్ళీ వచ్చినా ఆవిడ లక్షణంగా సినిమాలు చేసుకుంటోంది” అంది. వాస్తవానికి దగ్గరగా ఉన్నది పిన్నే. హాడ్జ్‌కిన్ తిరగబెట్టడమంటూ జరిగితే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్ళలోనే. ఐదేళ్ళు దాటాక అరుదు. తిరగబెట్టినా దారి మూసుకుపోదు: మళ్ళీ కీమో, ఆ తర్వాత సొంత మూలకణాలు ఎక్కించడం, దాంతోనే సుమారు సగం మందికి నయమవుతుంది. 2011 నుంచి బ్రెంటుక్సిమాబ్, నివోలుమాబ్ అనే కొత్త మందులూ వచ్చాయి.

ఇవన్నీ వాడికి నాకన్నా బాగా తెలుసు. అయినా ఒక ఆదివారం పొద్దున అడిగాడు, “మళ్ళీ వస్తే ఏం చేద్దాం అమ్మా?” అని. మా అత్తగారు పక్క గదిలోంచే కేకేశారు: “ఆ మాటలేంట్రా, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు!” దేవతల సంగతి తర్వాత చూసుకుందామని వాడికి జవాబు చెప్పాను. ఎవరు హైదరాబాదు వచ్చి ఉంటారు, నాన్న ఎక్కడ పడుకుంటారు, ఫిక్స్‌డ్ డిపాజిట్ ఏ నెలలో చేతికొస్తుంది, మూలకణాల వైద్యానికి ఎన్ని వారాలు ఆస్పత్రిలో ఉండాల్సొస్తుందో ముందే అడిగి పెట్టుకుందాం, అదీ ఇదీ. చెప్పడం అయిపోయేసరికి ఉప్మా ఇంకా వేడిగానే ఉంది. వాడు రెండోసారి పెట్టించుకున్నాడు.

ఇలా మాట్లాడుకుంటే తీరే భయం ఒకటి, తీరనిది ఇంకొకటి. నెలల తరబడి అదే ధ్యాస, పని సాగదు, రేపటి గురించి ఏ నిర్ణయమూ తీసుకోబుద్ధి కాదు అంటే అది అమ్మ చేతిలో ఉన్న పని కాదు. ఆస్ట్రేలియాలో ఫిలిస్ బ్యూటో బృందం ఈ ఒక్క భయం కోసమే ఐదు విడతల మానసిక చికిత్స తయారుచేసి, పరీక్షించి, 2017లో ఫలితాలు ప్రకటించింది. మా వాడు కూడా కొన్నాళ్ళు కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళాడు. అంత స్థోమత లేనివాళ్ళకి కేంద్రం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. నంబరు 14416, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మొక్కు గొడవ ఒకటి జరిగింది మా ఇంట్లో. వైద్యం మొదలైనప్పుడు మా అత్తగారు, మనవడికి తగ్గితే తలనీలాలు సమర్పిస్తానని వెంకన్నకి మొక్కుకున్నారు. ఈలోగా కీమో ఆ జుట్టంతా ముందే తీసేసుకుంది. మళ్ళీ ఒత్తుగా, కాస్త ఉంగరాలు తిరిగి వచ్చింది. ఇక కొండకి బయలుదేరదామని ఆవిడ. వాడు రానన్నాడు. దేవుడి మీద కోపం లేదు. “అద్దంలో ఆ గుండు మళ్ళీ చూడలేను నానమ్మా” అన్నాడు. మొక్కు తీర్చకపోతే ఏమవుతుందోనని ఆవిడ భయం. తీరిస్తే ఏం గుర్తొస్తుందోనని వాడి భయం. రెండూ ఒకే భయమని నాకు అప్పుడు అర్థమైంది. చివరికి మా వారు, స్కాన్ తప్ప మరో మాట లేని మనిషి, ఎవరితోనూ చర్చ పెట్టకుండా తిరుమల వెళ్ళి, కళ్యాణకట్టలో కూర్చుని తన తల ఇచ్చి వచ్చారు. అందులో ఇవ్వడానికి పెద్దగా ఏమీ లేదనుకోండి. అత్తగారు ఒప్పుకున్నారు. స్వామికీ అభ్యంతరం ఉన్నట్టు కబురు రాలేదు.

ఇక పెళ్ళి. రేపటి మీద నమ్మకం ఎంతుందో కొలవడానికి ఇంతకు మించిన తూకం లేదు. వాడే ఒక రోజు “సంబంధాలు చూడండి” అన్నాడు. పెళ్ళిళ్ళ పేరయ్య మా బయోడేటాలో జబ్బు సంగతి చూసి కళ్ళజోడు తీసేశాడు. “వైద్యం అయిపోయిందిగా, ఇది రాయడం ఎందుకండీ? పెళ్ళయ్యాక అమ్మాయికి నిదానంగా చెప్పుకోవచ్చు.” మా వాడు ఫోన్లో ఒక్కటే అన్నాడు: “నాతో ఉండబోయే మనిషికి నా చెకప్ తేదీలు తెలియకపోతే, ఆ రాత్రులు ఆ మనిషికి తెలియకుండా నేను ఎలా మేలుకోవాలండీ?” మేం రాసిన ఆ సంగతి అలాగే ఉంది బయోడేటాలో, జబ్బు పేరు, వైద్యం ముగిసిన నెలతో సహా. దాచి చేసిన పెళ్ళి మొదటి చెకప్ దాకా కూడా నిలబడదని నా నమ్మకం.

ఒకరు వచ్చారు. అమ్మాయి తండ్రి మర్యాదగా, దాపరికం లేకుండా అడిగాడు: “మళ్ళీ వస్తే, బాబూ?” నేను నోరు తెరవబోయాను, మా వారు నా చెయ్యి నొక్కారు. వాడే చెప్పాడు, ఏళ్ళూ అవకాశాలూ మందులూ, ఆ ఆదివారం మేం మాట్లాడుకున్నవన్నీ, గొంతు తడబడకుండా. ఆయన కాఫీ తాగి, దణ్ణం పెట్టి, మళ్ళీ ఫోన్ చేయలేదు. మేం తప్పు పట్టలేదు. ఆడపిల్ల తండ్రి ఆయన. ఆయన భయం ఆయనది.

అచ్చుకిచ్చే ముందు ఇదంతా మా వాడు చదివాడు. రెండు పేరాలు కొట్టేశాడు, ఈ చివరిది ఉంచమన్నాడు. సంబంధం ఇంకా కుదరలేదు. మీ ఎరికలో మంచి అమ్మాయి ఎవరైనా ఉంటే వాళ్ళ పెద్దవాళ్ళకి చెప్పండి. జబ్బు సంగతి ముందు చెప్పి, జీతం సంగతి తర్వాత చెప్పండి.