వెతికితే దొరకని గ్రంథం: 'గోలకొండ కవుల సంచిక' నేపథ్యంలో అంతర్జాల లభ్యత - విమర్శ

కీలకపదాలు: గోలకొండ కవుల సంచిక, యూనికోడ్, స్క్రీన్ రీడర్, పాఠపరిష్కరణ, నల్లగొండ, పాలమూరు.

1. ఉపోద్ఘాతం

తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు సురవరం ప్రతాపరెడ్డి ఆధారాలతో సమాధానమిచ్చారు. 1934లో ఆయన సంపాదకత్వంలో వెలువడిన 'గోలకొండ కవుల సంచిక' 354 మంది కవులను ఒకచోట చేర్చింది. పాలమూరు ప్రాంతానికి చెందిన ఈ పరిశోధకుడు చేసిన పని, ఉన్నవారిని లోకానికి కనబడేలా చేయడం. నేటి పరిశోధకులు తొలుత వెతికేది అంతర్జాలంలో. అక్కడ దొరకని కవి లేని కవి కిందనే జమ అవుతున్నాడు. కనుక గ్రంథాన్ని అంతర్జాలంలో ఉంచడం, అందుబాటులోకి తేవడం ఒకటేనా అన్నది పరిశీలించవలసిన విషయం.

2. పుట చిత్రం - పాఠం

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వంటి ప్రయత్నాలు ఎన్నో పాత తెలుగు పుస్తకాలను కాపాడాయి. ఆ మేలు కాదనలేనిది. అయితే స్కానింగులో లభించేది పుట చిత్రం మాత్రమే. అందులోని అక్షరాలు యంత్రానికి అక్షరాలు కావు. ఇటువంటి సంచికను చిత్రరూపంలోనే ఉంచితే, గ్రంథనామం తెలిసినవారికి పుస్తకం దొరకవచ్చు గాని, ఒక కవి పేరుతో వెతికేవారికి ఆ పుట దొరుకుతుందన్న భరోసా లేదు. చూపులేని పరిశోధకుల స్క్రీన్ రీడర్‌కు అది ఖాళీ కాగితంతో సమానం.

అను వంటి పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన పాఠానిది మరో చిక్కు. తెరపై తెలుగు కనిపించినా లోపల నిల్వ ఉండేవి రోమన్ అక్షరాల సంకేతాలు. యూనికోడ్‌లో తెలుగు లిపికి ప్రత్యేకంగా 128 సంకేతస్థానాలు ఉన్నాయి. వాటిలో నిల్వచేసిన పాఠాన్నే సెర్చ్ ఇంజన్ తెలుగుగా గుర్తిస్తుంది, స్క్రీన్ రీడర్ తెలుగుగా చదువుతుంది.

3. ఒకే ఊరు - అనేక నామాలు

నల్లగొండ, నల్గొండ, నీలగిరి, పాలమూరు, మహబూబ్‌నగర్. పాఠకులకు ఇవి పర్యాయనామాలు, యంత్రానికి వేర్వేరు పదాలు. 1922లో నల్లగొండ నుండి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నడిపిన 'నీలగిరి' పత్రిక కోసం వెతికేవారికి ముందుగా తమిళనాడు కొండలు ఎదురుకావచ్చు. 2016 అక్టోబరు 11న పాత నల్లగొండ నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. పాత మహబూబ్‌నగర్ నుండి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల. 2019లో నారాయణపేట ఏర్పడ్డాయి. కవి స్వస్థలాన్ని పాత, కొత్త జిల్లాల పేర్లు రెండింటితోనూ నమోదు చేయకపోతే వెతుకులాట సగంలోనే ఆగిపోతుంది.

4. ప్రమాణాలు - వాటి పరిమితి

వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2008లో డబ్ల్యూసీఏజీ 2.0ను, 2023లో 2.2ను ప్రకటించింది. చిత్రానికి ప్రత్యామ్నాయ పాఠం, శీర్షికలకు సరైన గుర్తింపు, పుట భాషను తెలిపే సంకేతం ఇవి కోరే అంశాల్లో కొన్ని. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలంటుంది. చూపులేనివారి కోసం చేసే ఈ ఏర్పాట్లలో చాలావరకు సెర్చ్ ఇంజన్‌కూ తోడ్పడతాయి.

అయితే ప్రమాణాలను పాటించినంత మాత్రాన పాఠం శుద్ధమైనదని చెప్పలేము. పాత అచ్చును యంత్రం చదివేటప్పుడు వత్తు జారవచ్చు, సున్న సుడిగా మారవచ్చు. కవి ఇంటిపేరులో ఒక్క అక్షరం తప్పినా ఆయన మళ్ళీ కనుమరుగవుతాడు. తాళపత్రాల పాఠభేదాలను తేల్చిన పరిష్కర్తల శ్రద్ధే ఇక్కడా అవసరం. ఈ పనిని పూర్తిగా సాంకేతిక నిపుణులకు వదిలివేయడం సాహిత్య పరిశోధన చేస్తున్న పొరపాటు.

5. ముగింపు

ఈ ప్రాంతంలో నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. ఏ విశ్వవిద్యాలయంలోనైనా తెలుగు సిద్ధాంతగ్రంథాన్ని యూనికోడ్‌లో, శీర్షికల గుర్తింపుతో, స్థలనామాల రూపాంతరాలతో సమర్పించడం పరిశోధన పద్ధతిలో భాగం కావాలి. పాత సంచికల్లోని ఒక్కొక్క కవి పాఠాన్ని సరిచూసి ఎక్కించడం పిహెచ్.డి. స్థాయికి తగిన పనిగా గుర్తింపు పొందాలి. 1934లో ప్రతాపరెడ్డి అచ్చు ద్వారా ఇచ్చిన సమాధానాన్ని నేడు అంతర్జాలంలోనూ నిలబెట్టవలసిన బాధ్యత తెలుగు శాఖలదే.