మర తిప్పితే మారే పాళీ

పాత ఫౌంటెన్ పెన్ను కొనేవాళ్లు ముందు ఒంటి మెరుపు చూస్తారు. ఆ తర్వాత క్లిప్పు, మూత, మీట మీద చెక్కిన పేరు. ఎస్టర్‌బ్రుక్ వాళ్ల ‘జె’ పెన్ను చేతికొచ్చినప్పుడు మాత్రం ఈ వరసంతా పక్కన పెట్టి, మూత తీయగానే పాళీ మీది నాలుగు అంకెలు చదవాలి. 1551, 2668, 9556 ఇలా ఉంటాయవి. ఆ పెన్ను ఎలా రాస్తుందో, ఎలాంటి పనికి అమ్మారో, పాళీ చెడితే దానికి జోడైనది ఏ పేరున వెతకాలో ఆ నాలుగు అంకెలే చెబుతాయి. పాత పెన్నులు నేను చాలానే చూశాను. ఇంత నిజాయితీగా తన సంగతి తానే చెప్పే పెన్ను మరొకటి నాకు కనబడలేదు.

న్యూజెర్సీలోని తెలుగువాళ్లకు ఎడిసన్ తెలిసినంతగా కామ్డెన్ తెలియదు. డెలావేర్ నది ఒడ్డున, ఫిలడెల్ఫియాకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. క్యాంప్‌బెల్ సూపు డబ్బాలూ, విక్టర్ గ్రామఫోన్ రికార్డులూ తయారైన ఊరు. కార్న్‌వాల్ నుంచి వచ్చిన రిచర్డ్ ఎస్టర్‌బ్రుక్ 1858లో ఇక్కడ ఉక్కు పాళీల కర్మాగారం మొదలుపెట్టాడు. ఆనాడు పాళీ అంటే బర్మింగ్‌హామ్. పనితనం తెలిసిన మనుషుల్ని ఆయన అక్కడి నుంచే రప్పించుకున్నాడు. సిరాబుడ్డిలో ముంచి రాసే పాళీలు డెబ్బై ఏళ్లపాటు చేసి చేసి, ఆ సంస్థ ఫౌంటెన్ పెన్నుల్లోకి 1930 ప్రాంతంలో గానీ దిగలేదు. అప్పటికే వాటర్‌మన్, పార్కర్, షేఫర్ బజారంతా ఆక్రమించేశాయి.

ఆ ఆలస్యమే ఈ పెన్నుకు మేలు చేసిందని నా నమ్మకం. మొదటి నుంచీ ఫౌంటెన్ పెన్నులు చేసినవాళ్లకు బంగారు పాళీ ఒక నగ. దాన్ని పెన్నులో బిగించాక ఇక కదిలించకూడదు. ముంచి రాసే పాళీలు చేసినవాళ్లకు అది అరిగిపోయే సరుకు. కర్రపిడి ఏళ్ల తరబడి ఉంటుంది, పాళీ అరగ్గానే తీసేసి పెట్టెలోంచి ఇంకొకటి గుచ్చుకుంటారు. గుమస్తాకు ఒక రకం, బడిపిల్లలకు ఒక రకం, లెక్కలు రాసేవాళ్లకు ఒక రకం. ఈ ఆలోచననే ఎస్టర్‌బ్రుక్ వాళ్లు పెన్నులోకి తెచ్చారు. పాళీ, దాని కింద ఉండి సిరా అందించే ఫీడు, రెండిటినీ పట్టి ఉంచే మరచుట్ల గొట్టం, ఈ మూడూ కలిసి ఒక్క ముక్క. పెన్ను మూతిలోంచి దాన్ని ఎడమ వైపుకు తిప్పితే ఊడి వస్తుంది, ఇంకొకటి కుడి వైపుకు తిప్పితే కూర్చుంటుంది. పనిముట్టు అక్కర్లేదు, బల్బు మార్చినంత పని. దీనికి రిన్యూ పాయింట్ అని పేరు పెట్టుకున్నారు.

మరతో ఊడే పాళీ జర్మనీలో పెలికాన్ వాళ్లూ చేశారు. కానీ 30కి పైగా రకాలు చేసి, ప్రతి రకానికీ అంకె వేసి, మామూలు స్టేషనరీ దుకాణంలో విడిగా అమ్మింది ఎస్టర్‌బ్రుక్. డాలరుకు అమ్మిన వాళ్ల తొలి పెన్నుల నుంచి 1940ల్లో వచ్చిన జె వరకూ అవే మరచుట్లు. జె వరసలో కాస్త లావుది జె, అంతే పొడవుతో సన్ననిది ఎల్‌జె, పొట్టిది ఎస్‌జె. మూడిటికీ ఒకటే పాళీ. బల్ల మీద స్టాండులో నిలబెట్టే వాళ్ల డెస్కు పెన్నులకూ అదే. తయారీదారు తన మాట మీద తానే ఇన్నేళ్లు నిలబడటం వల్లనే, ఇవాళ ఎక్కడో దొరికిన పాళీ ఇంకెక్కడో దొరికిన పెన్నులో మారు మాట్లాడకుండా ఇముడుతోంది. ఆ చుట్ల కొలతలో పట్టుదప్పి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరమే ఉండేది కాదు.

అంకెలు చదివే పద్ధతి తేలిక. చివరి మూడు అంకెలు పాళీ ఆకారం. వాటిలో చాలావరకు ముంచి రాసే పాళీల కాలం నాటి అంకెలే: ఫాల్కన్ అనే 048 పాళీ పెన్నులోకి వచ్చి 2048, 9048 అయింది, జడ్జెస్ క్విల్ అనే 312 ఇక్కడ 2312. మొదటి అంకె తరగతి. 1తో, 2తో మొదలయ్యేవి చవకవి. వాటి మొనకు గట్టి లోహపు పూస అతికించరు. ఉక్కు రేకు కొసనే కిందికి మడిచి, నొక్కి, గుండ్రంగా నునుపు చేస్తారు. 9తో మొదలయ్యేవి మేలు తరగతి. వాటికి బంగారు పాళీలకు పెట్టినట్టే గట్టి పూస ఉంటుంది.

ఆ మడత దగ్గర కాసేపు ఆగాలి. భూతద్దం కింద 1551 మొనను చూడండి. అరమిల్లీమీటరు మేర రేకు తన మీదికి తాను వంగి, ఆ వంపు మధ్యగా చీలిక సాగి, రెండు పలకలూ సమానంగా నిలబడి ఉంటాయి. కాగితాన్ని తాకేది ఆ మడత వీపు. బంగారం లేదు, ఇరీడియం లేదు. విద్యార్థుల కోసం చేసిన పాళీ అది. అయినా కొత్తగా ఉన్నప్పుడు దాని రాత చూసి ఇది ఏ ఖరీదైన పెన్నో అనుకుంటారు. తక్కువ లోహంతో ఎక్కువ పని రాబట్టడం అనే విద్య ఆ మొనలో ఉంది. దాన్ని నేను బంగారపు పని కంటే తక్కువగా చూడలేను.

అయితే మెత్తని ఉక్కు అరుగుతుంది. రోజూ రాసిన మనిషి చేతి వాలును బట్టి మొన ఒక పక్కకు బల్లపరుపు అవుతుంది. ఆ మనిషికి అది అలవాటైన నునుపు. వేరొకరు అదే పాళీ పట్టుకుంటే అరిగిన అంచు కాగితాన్ని గీరుతుంది. సెకండ్ హ్యాండ్ పెన్ను కొన్న వాళ్లు “రాత బాగాలేదు” అని పక్కన పడేయడానికి సగం కారణం ఇదే. లోపం పెన్నులో లేదు, పాళీలోనూ లేదు. అది వేరొకరి చేతికి కుదిరిపోయిన పాళీ. ఇలాంటప్పుడు సాన పట్టడం మొదలుపెట్టవద్దు. మడతలో లోహం పలచన, రెండు రుద్దులకే అడుగు కనబడుతుంది. పాళీ మార్చడమే మందు. 9 తరగతిలో పూస ఉంటుంది గనుక డెబ్బై ఏళ్ల తర్వాత కూడా ఎవరి చేతిలోనైనా సాఫీగానే నడుస్తుంది. అందుకే 9668, 9556 లాంటివి దొరికితే పాళీ ఖరీదు పెన్ను ఖరీదుతో పోటీ పడుతుంది.

విప్పేటప్పుడు ఓపిక కావాలి. లోపల ఎండిన సిరా జిగురై మరల్ని పట్టేసి ఉంటుంది. మూతి వరకు గదివేడి నీళ్లలో రాత్రంతా నాననివ్వాలి. వేడినీళ్లు పనికిరావు, ఆ కాలపు ప్లాస్టిక్ వంకరపోతుంది. ఆ తర్వాత పాళీనీ ఫీడునూ కలిపి వేళ్లతో పట్టుకుని నెమ్మదిగా తిప్పాలి. పాళీ ఒక్కదాన్నే పట్టుకుని తిప్పితే గొట్టంలోంచి అది జారి, ఫీడు లోపలే మిగిలిపోతుంది. రాకపోతే మళ్లీ నానబెట్టడమే. కొత్తది ఎక్కించేటప్పుడు చుట్లకు రవ్వంత సిలికాన్ గ్రీజు రాస్తే సిరా బయటికి ఊరదు, ఇంకోసారి విప్పడమూ సులువు.

సిరా సంచి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే పాళీ ఎంత మంచిదైనా సంచి పోతే పెన్ను లేదు. పక్కనున్న ఉక్కు మీటను ఎత్తితే లోపలి బద్ద రబ్బరు సంచిని నొక్కుతుంది. వదిలితే సంచి ఉబ్బుతూ సిరాను పీల్చుకుంటుంది. పాత రబ్బరు రాయిలా గట్టిపడి ఉంటుంది. కొనే చోట మీట కదలకపోతే బలవంతం చేయవద్దు, మీటే ఊడి వస్తుంది. జె పెన్నుకు 16వ నంబరు సంచి సరిపోతుంది. దాన్ని అతికించేది లక్క. మన అడవుల్లో చెట్ల కొమ్మల మీద పురుగులు కట్టే లక్కే, స్పిరిట్లో కరిగి, అమెరికా పెన్నులో రబ్బరును పట్టి ఉంచుతోంది. నీటికి లొంగదు, కాస్త వేడి తగిలితే విడిపోతుంది. మరమ్మతు చేసేవాడికి కావలసిన గుణం అదే. ఇప్పటి జిగుర్లు వాడితే తర్వాత విప్పవలసిన మనిషికి అన్యాయం చేసినట్టే.

1941లో వచ్చిన పార్కర్ 51ను దీని పక్కన పెట్టి చూడండి. అందమైన పెన్ను, గొప్ప పెన్ను. దాని పాళీ ముసుగు కింద దాక్కుని ఉంటుంది. అది మార్చాలంటే ఆ ముసుగును వేడి చేసి ఊడదీసి, పాళీ మొన ముసుగు కొసకు సరిగ్గా సరిపడేలా తిరిగి కూర్చాలి. అది నిపుణుడి పని. ఎస్టర్‌బ్రుక్ ఆ నిపుణుణ్ని మధ్యలోంచి తీసేసింది.

ఇక రాజమండ్రి పెన్నులది మూడో దారి. కె.వి. రత్నంగారి స్వదేశీ పెన్నును మెచ్చి గాంధీజీ 1935లో ఉత్తరం రాసిన సంగతి మనకు తెలుసు. అక్కడి పనివాళ్లు ఎబొనైట్ కడ్డీని లేతు మీద చేత్తో తిప్పి పెన్ను తీస్తారు. పాళీకీ ఫీడుకీ మరలుండవు, రెండూ బిగువు మీద నిలుస్తాయి. మూతిలో రంధ్రం ఆ ఫీడుకు సరిపడా తొలిచి, ఫీడును వేడినీళ్లలో మెత్తబరిచి, పాళీ కడుపుకు ఆనేలా వంచుతారు. ఆ కుదురు ఒక మనిషి చేతిలో ఉంటుంది, కాబట్టి పాళీ మార్చాలన్నా అలాంటి చేతి దగ్గరికే వెళ్లాలి. నాకు రెండూ ఇష్టమే. ఒకటి పనివాడి నేర్పును పెన్నులో దాచింది, రెండోది ఆ నేర్పును కొలతగా మార్చి కొన్నవాడి వేళ్లకు అప్పగించింది. ఊరు కాని ఊళ్లో, పనివాడు దొరకని చోట బతికేవాళ్లకు రెండోది ఎక్కువ అక్కరకొస్తుంది.

జోడైన పాళీ వెతికేటప్పుడు ఏ అంకె కోసం వెతకాలి? ఇంగ్లీషు రాసేవాళ్ల సలహాలు మనకు సగమే పనికొస్తాయి. తెలుగు అక్షరం గుండ్రం. మొన ఒక్క అక్షరంలోనే అన్ని దిక్కులకూ తిరగాలి, పైకి తోసినప్పుడు కూడా గుచ్చుకోకూడదు. అందుకే నా మొదటి ఓటు 9668కి. మధ్యరకం గీత, గట్టి పాళీ, ‘ఱ’ రాసినా ‘ఝ’ రాసినా ఒకే నడక. సన్న గీతల నోటుపుస్తకంలో ఒత్తులు కలిసిపోతున్నాయనుకునేవాళ్లకు 9556. ‘క్ష్మ’లాంటి చోట కింది ఒత్తు విడిగా కనబడుతుంది. 2312 చదును మొన పాళీ. దాంతో తెలుగు రాస్తే తలకట్టు సన్నబడి, నిలువు దిగుడు లావై, పేజీకి పాత అచ్చు పుస్తకం కళ వస్తుంది. కాకపోతే నెమ్మదిగా రాయాలి. ఉత్తరాలకు బాగుంటుంది, పద్దులకు కాదు. మెత్తగా సాగే 9048 చూడముచ్చటగా ఉంటుంది గానీ మన అక్షరాలకు నేను సిఫారసు చేయను. ఆ పాళీ అందం కిందికి లాగేటప్పుడు వత్తడంలో ఉంది, మన లిపి ఆ అవకాశం తక్కువగా ఇస్తుంది.

మిగతా అంకెలు చూస్తే ఆనాటి ఆఫీసులు కళ్లకు కడతాయి. 9460 కార్బన్ కాగితం కింద నకళ్లు పడేలా నొక్కి రాయడానికి చేసిన మొండి పాళీ. 1555 గ్రెగ్ షార్ట్‌హ్యాండ్‌కి. మన టైపు ఇన్‌స్టిట్యూట్లలో నేర్పిన పిట్‌మన్ పద్ధతిలో గీత లావు సన్నాల్లో అర్థం మారుతుంది. గ్రెగ్‌లో అలా మారదు, అందుకే దాని పాళీ సన్నగా, బిగువుగా ఒకే తీరు గీత గీస్తుంది. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1964లో పౌరహక్కుల చట్టం మీద 70కి పైగా పెన్నులతో, ఒక్కో పెన్నుతో కొంచెం కొంచెంగా సంతకం చేసినప్పుడు ఆయన చేతికందించినవి కూడా ఎస్టర్‌బ్రుక్ పెన్నులే. పెట్టిన చోటల్లా తడబడకుండా గీత పడాలి మరి.

1967లో సంస్థ వీనస్ పెన్సిళ్ల కంపెనీ చేతికి వెళ్లింది, కొన్నేళ్లకే ఈ పాళీల తయారీ ఆగిపోయింది. అయినా జోడు దొరక్కపోవడం ఉండదు. అప్పట్లో లెక్కలేనన్ని చేశారు. వాడని పాళీలు ఇప్పటికీ చిన్న అట్టపెట్టెల్లోనే బయటపడుతుంటాయి. ఇంగ్లండులో తయారైన ఆస్మిరాయిడ్ 65 పాళీలు కూడా ఈ మరల్లో కూర్చుంటాయి, ముఖ్యంగా వాటి చదును మొనలు చాలా బాగుంటాయి. ఎస్టర్‌బ్రుక్ పేరుతో ఈమధ్య మళ్లీ వస్తున్న ఎస్టీ పెన్నుల్లో పాత పాళీ ఎక్కించుకోవడానికి ఒక అడాప్టరును కూడా అమ్ముతున్నారు. పాత పాళీ కోసం కొత్త పెన్ను తన మూతిని మార్చుకుంటోందన్నమాట.

కొనేవాళ్లకు నా మాట ఇది. ఒంటికి పగులు లేని జె పెన్ను ఏ రంగుదైనా, ఏ పాళీతోనైనా తీసుకోండి; మూత అంచు మాత్రం వెలుతురుకు పట్టి చూడండి. సంచి మార్పించి, ఉన్న పాళీతోనే కొన్నాళ్లు రాయండి. మీ చేతికి ఏది కావాలో తెలిశాక ఆ అంకె కోసం వెతకండి. తీసేసిన పాళీని పారేయకండి. కడిగి ఆరబెట్టి, కాగితంలో చుట్టి, పైన దాని అంకె రాసి ఉంచండి. అదే అంకె కోసం వెతికే మనిషి ఎదురైతే ఇచ్చేయండి.